ఒక్క బ్రౌజరు చాలదా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కిందటి సంచికలో "క్రోమ్ పక్కనే వేరే ఇంజిన్ (పేజీని చదివి తెర మీద గీసే లోపలి యంత్రాంగం) మీద నడిచే బ్రౌజరు ఒకటి ఉంచుకోండి" అని ఒక ముక్క రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ముందు వీటి సంగతి చూద్దాం.

ప్రశ్న: మాది చిన్న ఇంటర్నెట్ సెంటరు. పరీక్షల దరఖాస్తులు, సర్టిఫికెట్లు, రైలు టికెట్లు అన్నీ క్రోమ్‌లోనే చేసిపెడతాం. ఉచితం, వేగం, వచ్చేవాళ్లకూ అలవాటు. అందరూ ఒకే బ్రౌజరు వాడితే మాకు ఇంకా సుఖం కదండీ? మీకొచ్చిన ఇబ్బందేమిటి?
– ఒక సెంటరు యజమాని, ఖమ్మం

జవాబు: క్రోమ్ బాగా పనిచేస్తుందండీ, ఆ మాట కాదనను. దాన్ని తీసేయమనీ చెప్పను. కాకపోతే అందరి చేతిలోనూ ఒకే బ్రౌజరు ఉంటే ఎలా ఉంటుందో తెలుగువాళ్లం ఒకసారి చూసేశాం. ముందు అది చెబుతాను.

2002, 2003 ప్రాంతం. ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా మైక్రోసాఫ్ట్ బ్రౌజరు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే వాడుతున్నారు. నేనప్పుడు హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రిక వెబ్ విభాగంలో ఉన్నాను. డెస్కు నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు తెచ్చుకుని, వార్తల్ని వెబ్ పేజీల్లోకి ఎక్కించి, సిటీ ఎడిషన్ అయ్యాక లింకులన్నీ సరిచూసుకుని ఇంటికి వెళ్లేవాళ్లం. ఆ పేజీల్లో కంప్యూటరుకు తెలిసిన తెలుగు ఒక్క అక్షరం కూడా ఉండేది కాదు. రోమన్ అక్షరాలకు కేటాయించిన గళ్లలో మన గుణింతాల బొమ్మలు, వత్తుల బొమ్మలు కూర్చిన సొంత ఫాంటు అది. అను ఫాంట్లతో డీటీపీ చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఫాంటు మారిస్తే 'అమ్మ' కాస్తా అర్థంలేని రోమన్ గుర్తుల గుంపయిపోతుంది. మా వార్తల గతీ అంతే.

ఫాంటును పేజీతో పాటే పాఠకుడి కంప్యూటరుకు పంపేందుకు మైక్రోసాఫ్ట్ ఈఓటీ అనే పద్ధతి పెట్టింది. ఎక్స్‌ప్లోరర్‌కు తప్ప మరో బ్రౌజరుకు అది అర్థం కాదు. దానికి పోటీ బ్రౌజరైన నెట్‌స్కేప్ పద్ధతి వేరు, పీఎఫ్ఆర్ అనేవారు. కానీ నెట్‌స్కేప్ అప్పటికే కొన ఊపిరితో ఉంది. కాబట్టి పేజీ అడుగున 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడగలరు' అని ఒక పంక్తి పెట్టమన్నారు, పెట్టాం. అమెరికా యూనివర్సిటీ ల్యాబుల్లో లినక్స్ మీద పనిచేసే మన పిల్లల నుంచి మెయిళ్లు వచ్చేవి. ఊళ్లో వరద అని ఇంటి నుంచి ఫోనొస్తే, జిల్లా పేజీ తెరిచి చూసుకుందామంటే పిచ్చిగీతలు. ఆ మెయిళ్లకు జవాబు రాసే పని నాది. 'విండోస్ ఉన్న కంప్యూటరులో చూడండి' అనడం తప్ప మా దగ్గర వేరే జవాబు ఉండేది కాదు.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. దానికి 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) ఒక తెలుగు ప్రోగ్రామరు రాసి ఉచితంగా ఇచ్చారు. పేజీ తెరుచుకోగానే పత్రికల సొంత ఫాంటు సంకేతాల్ని అది అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అయిన సంకేతాల్లోకి మార్చేది. పత్రికలు ఏమీ చేయకుండానే లినక్స్ వాడేవాళ్లు వార్తలు చదివారు. కాపీ చేస్తే తెలుగు తెలుగుగానే వచ్చింది. పాఠకుడు తన పేజీని తన బ్రౌజరులో తనకు కావలసినట్టు మార్చుకోగలగడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. రెండో బ్రౌజరంటూ ఒకటి బతికి ఉండబట్టే అది సాధ్యమైంది. ఏ బ్రౌజరైనా చదవగలిగే ఉమ్మడి ఫాంటు పద్ధతి వాఫ్, 2012 డిసెంబరుకు గానీ వెబ్ ప్రమాణాలు నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణం కాలేదు. ఇవాళ మీ సెంటరులో ఏ సైటు తెరిచినా ముచ్చటైన తెలుగు ఫాంటు దానంతటదే దిగుతోందంటే అందులో ఆ ప్రమాణం చలవ చాలా ఉంది.

ఇంకో సంగతి. ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్ 2001 ఆగస్టులో వచ్చింది, ఏడోది 2006 అక్టోబరులో. మధ్యలో ఐదేళ్లు! అంత డబ్బూ అంతమంది ఇంజినీర్లూ ఉన్న మైక్రోసాఫ్ట్ ఆ ఐదేళ్లూ బ్రౌజరును అలాగే వదిలేసింది. పోటీ లేదు మరి, తొందరేముంది? ఫైర్‌ఫాక్స్ జనాన్ని లాక్కోవడం మొదలుపెట్టాకే ఏడో వెర్షన్ కదిలింది.

దక్షిణ కొరియా కథ ఇంతకన్నా బాధాకరం. 1990లలో అమెరికా తన బలమైన ఎన్‌క్రిప్షన్‌ను (సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా మార్చే పద్ధతి) బయటి దేశాలకు ఇచ్చేది కాదు, బ్రౌజర్లలో 40 బిట్ల బలహీనమైనదే ఎగుమతి చేసేది. బ్యాంకు పనులకు అది చాలదని కొరియావాళ్లు సీడ్ అనే 128 బిట్ల పద్ధతిని సొంతంగా తయారు చేసుకున్నారు. మెచ్చుకోవలసిన పనే. అయితే ఏ బ్రౌజరులోనూ సీడ్ లేదు గనక, దాన్ని ఎక్స్‌ప్లోరర్‌లో యాక్టివ్ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో అదనపు తోకగా తగిలించారు. బ్యాంకు, షాపింగు, ప్రభుత్వ దరఖాస్తు ఏది కావాలన్నా ఆ తోక ఉండాల్సిందే, అంటే విండోసూ ఎక్స్‌ప్లోరరూ ఉండాల్సిందే. అమెరికా ఆంక్షలు సడలాక కూడా ఆ ముడి వీడలేదు. 2015లో మైక్రోసాఫ్టే ఎడ్జ్ తెచ్చి యాక్టివ్ఎక్స్‌ను వదిలేస్తే కొరియా వదలలేకపోయింది. ఆ పద్ధతికి ఆధారమైన అధీకృత సర్టిఫికెట్లకు (ఆన్‌లైన్‌లో మనిషిని గుర్తుపట్టే డిజిటల్ పత్రాలు) చట్టంలో ఉన్న ప్రత్యేక హోదా 2020 డిసెంబరులో పోయింది. అంత సాంకేతిక నైపుణ్యం ఉన్న దేశం ఇరవై ఏళ్లపాటు ఒక విదేశీ కంపెనీ బ్రౌజరుకు కట్టుబడిపోయింది.

మీరు చేయగలిగింది చిన్న పనే. సెంటరులో ప్రతి కంప్యూటరులోనూ ఫైర్‌ఫాక్స్ వేసి ఉంచండి. ఏదైనా దరఖాస్తు సైటు అందులో మొరాయిస్తే క్రోమ్‌లో పూర్తి చేసి కస్టమరును పంపించండి, వాళ్ల పని ఆగకూడదు. సాయంత్రం తీరిక దొరికినప్పుడు ఆ సైటు హెల్ప్‌డెస్కుకు నాలుగు ముక్కలు రాయండి: ఏ బ్రౌజరు, ఏ వెర్షన్, ఏ పేజీలో ఏ బటన్ నొక్కితే ఏమైంది. స్క్రీన్‌షాట్ జతచేయండి. 'సైటు పనిచేయడం లేదు' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. 'ఫోటో అప్‌లోడ్ నొక్కితే ఏమీ జరగడం లేదు' అని రాస్తే ప్రోగ్రామరు దాకా చేరుతుంది. రోజుకు వందమంది పని చూసే మీ మాటకు మాలాంటివాళ్ల మాటకన్నా బరువెక్కువ.

ప్రశ్న: మేడమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్... ఇన్ని బ్రౌజర్లు ఉన్నాయి. పైగా క్రోమియం ఓపెన్ సోర్స్. నచ్చకపోతే ఎవరైనా కోడ్ తీసుకుని మార్చుకోవచ్చు. మరి గుత్తాధిపత్యం ఎక్కడుంది?
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి, కాకినాడ

జవాబు: విద్యార్థివి గనక చనువుగా రాస్తున్నాను, ఏమనుకోకు. నువ్వు చెప్పిన ఐదూ క్రోమ్‌కు మూలమైన గూగుల్ కోడ్, క్రోమియం మీద నడిచేవే. లోపలి ఇంజిన్ ఒక్కటే, బ్లింక్. పేజీని చదివి, అమర్చి, గీసి చూపించేది ఇంజినే. పైన కనబడే ట్యాబులూ బటన్లూ ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెట్టుకుంటారు.

బ్లింక్ వంశవృక్షం తెలుసుకోదగ్గది. 1998లో కేడీఈ అనే స్వచ్ఛంద ప్రోగ్రామర్ల బృందం కేహెచ్‌టీఎంఎల్ రాసింది. దాన్ని తీసుకుని యాపిల్ వెబ్‌కిట్ చేసి 2003 జనవరిలో సఫారి తెచ్చింది. వెబ్‌కిట్‌తో గూగుల్ 2008 సెప్టెంబరులో క్రోమ్ తెచ్చి, 2013 ఏప్రిల్‌లో దాన్నుంచి విడిపోయి బ్లింక్ అని పేరు పెట్టుకుంది. కాబట్టి నువ్వన్నమాట ఒకప్పుడు అక్షరాలా నిజం. కోడ్ తీసుకున్నారు, మార్చుకున్నారు, విడిపోయారు. అలా విడిపోయినవాళ్లు యాపిల్, గూగుల్ అని గమనించావా? 2013లోనే ఒపెరా తన సొంత ఇంజిన్ ప్రెస్టోను వదిలేసింది. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కూడా ఎడ్జ్ ఇంజిన్‌ను పక్కన పెట్టి క్రోమియంకు మారతానంది, 2020 జనవరిలో మారింది. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీయే సొంత ఇంజిన్ మోయలేననుకుంటే పదిమంది ఇంజినీర్లున్న కంపెనీ ఏం మోస్తుంది? ఇవాళ అందరి వాడుకలో ఉన్న ఇంజిన్లు మూడే: గూగుల్ బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సంస్థ గెకో.

ఒక ఉదాహరణ తీసుకో. ఎక్స్‌టెన్షన్లు ఎలా రాయాలో చెప్పే నియమావళిని గూగుల్ మానిఫెస్ట్ వీ3 పేరుతో మార్చింది. పేజీ నుంచి బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షన్ తన కోడ్‌తో పరిశీలించి ఆపే సౌకర్యం అందులో సాధారణ వాడుకరులకు తీసేశారు. భద్రత కోసం, వేగం కోసం అన్నారు. ఆ కారణాల్లో కొంత నిజం ఉంది కూడా. కానీ ప్రకటనల్ని అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ ఆ సౌకర్యం మీదే ఆధారపడింది. 2024, 2025లలో దశలవారీగా అది క్రోమ్‌లో ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ ఆ సౌకర్యాన్ని ఉంచింది, అక్కడ ఇప్పటికీ పనిచేస్తోంది. ప్రధాన ఆదాయం ప్రకటనల నుంచి వచ్చే కంపెనీ, ప్రకటనల్ని ఆపే సాధనానికి ఎంత స్థలం ఇవ్వాలో నిర్ణయిస్తోంది. క్రోమియం మీద నడిచే మిగతా బ్రౌజర్లు పాత సౌకర్యం కావాలనుకుంటే, గూగుల్ తీసేసిన కోడ్‌ను ప్రతి కొత్త వెర్షన్‌లోనూ తామే అతికించుకుంటూ పోవాలి. కోడ్ చదివే హక్కు నీకుంది. ఏది ఉండాలో ఏది పోవాలో చెప్పే పెత్తనం మాత్రం వాళ్లది.

ఐఫోన్‌లో ఇంకో రకం. అక్కడ క్రోమ్ వేసుకున్నా ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల ఉండేది యాపిల్ వెబ్‌కిట్టే, అది యాప్ స్టోర్ నియమం. ఐరోపా సమాఖ్యలో డిజిటల్ మార్కెట్ల చట్టం వల్ల 2024 మార్చి నుంచి వేరే ఇంజిన్లకు అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు.

నీకు సీ ప్లస్ ప్లస్ గానీ రస్ట్ గానీ వస్తే చేయడానికి పని ఉంది. మొజిల్లాలో 2012లో మొదలైన సర్వో ఇంజిన్ ఇప్పుడు లినక్స్ ఫౌండేషన్ యూరప్ నీడలో నడుస్తోంది. పునాది నుంచి కొత్తగా రాస్తున్న లేడీబర్డ్‌కు 2024లో లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. అంత లోతుకు వెళ్లలేకపోతే, అన్ని ఇంజిన్లూ ఉమ్మడిగా వాడే 'వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్' అనే పరీక్షల భాండాగారం ఉంది. తెలుగు వత్తులు, పంక్తి విరుపులు సరిగా వస్తున్నాయో లేదో చూసే చిన్న పరీక్ష రాసి పంపు. నీ పరీక్షలో తప్పిన ఇంజిన్ ఏదో ప్రపంచమంతా చూస్తుంది. ప్రాజెక్టు కోసం ఏదో ఒక షాపింగ్ సైటు నకలు చేసేకన్నా అది నయం.

ప్రశ్న: గూగుల్ గుత్తాధిపతి అని అమెరికా కోర్టు తేల్చిందని చదివాను. తేల్చాక క్రోమ్‌ను అమ్మేయమని ఎందుకు చెప్పలేదు? బ్రౌజరు ఉచితంగా ఇచ్చే కంపెనీకి అందులో లాభమేమిటో కూడా నాకు అంతుబట్టదు.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: రెండో దానితో మొదలుపెడతానండీ, మొదటిది అందులోనే ఉంది. బ్రౌజరు పైన ఉండే గడిలో మీరు ఏదో టైపు చేస్తారు. అది ఏ సెర్చ్ ఇంజిన్‌కు వెళ్తుందన్న దాని మీద అంతులేని డబ్బు తిరుగుతోంది. ముందే అమర్చి ఇచ్చిన దాన్ని (డిఫాల్ట్ అంటారు) చాలామంది మార్చరు. అందుకే ఫోన్లలో, బ్రౌజర్లలో ఆ స్థానం తనకే ఉండాలని గూగుల్ డబ్బు కడుతుంది. 2021 ఒక్క ఏడాదిలో ఇలా కట్టింది 2,630 కోట్ల డాలర్లని విచారణలో బయటపడింది. 2022లో యాపిల్‌కు ఒక్కదానికే 2,000 కోట్ల డాలర్లు. సొంత బ్రౌజరు ఉంటే అక్కడ ఆ స్థానానికి ఎవరికీ కట్టనక్కర్లేదు. ఉచితంగా ఇచ్చి లాభపడటం అంటే అదే.

ఈ కేసును అమెరికా న్యాయశాఖ 2020 అక్టోబరులో వేసింది. వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న గూగుల్‌ను గుత్తాధిపతిగా తేల్చారు. 2025 సెప్టెంబరు 2న దిద్దుబాటు చర్యలు చెప్పారు: క్రోమ్‌ను అమ్మనక్కర్లేదు, ఇతరులకు చోటివ్వని ప్రత్యేక ఒప్పందాలు కుదరవు, అర్హతగల పోటీదార్లకు కొంత సెర్చ్ సమాచారం పంచాలి. డిఫాల్ట్ స్థానానికి డబ్బు కట్టడాన్ని మాత్రం నిషేధించలేదు. ఒక్కసారిగా ఆపేస్తే ఆ డబ్బు మీద బతికేవాళ్లు దెబ్బతింటారన్నది ఒక కారణం, ఏఐ చాట్‌బాట్ల రాకతో సెర్చ్ రంగంలోనే కొత్త పోటీ మొదలైందన్నది ఇంకో కారణం.

ఆ డబ్బు మీద బతికేవాళ్లలో మొజిల్లా ఉంది. తమ ఆదాయంలో 90 శాతం దాకా ఫైర్‌ఫాక్స్ నుంచే వస్తుందనీ, అందులో దాదాపు 85 శాతం గూగుల్ ఇచ్చేదేననీ ఆ సంస్థ ఆర్థికాధికారి కోర్టులోనే చెప్పారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నిద్రపట్టనివ్వని సంగతి ఇదేనండీ. స్వతంత్రంగా మిగిలిన ఒక్క ఇంజిన్, తాను ఎవరికి పోటీయో వాళ్ల చెక్కుతోనే జీతాలు ఇస్తోంది. మీరు బ్యాంకులో పనిచేశారు, ఒకే ఖాతాదారు మీద నడిచే శాఖ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

క్రోమ్‌ను అమ్మించి ఉంటే బాగుండేదా అంటే, నాకు నమ్మకం లేదు. ఇంత ఖరీదైన వస్తువును కొనగలిగేవాడు ఇంకో మహా కంపెనీయే అయి ఉంటాడు. వాడు పెట్టిన సొమ్ము మన దగ్గరే రాబట్టుకుంటాడు. ఫోను మొదటిసారి ఆన్ చేసినప్పుడే బ్రౌజర్ల జాబితా చూపించి ఎంచుకోమనడం నాకు సబబుగా తోస్తుంది. ఐరోపాలో విండోస్‌లో 2010 నుంచి అలా చూపించారు. మధ్యలో ఒక సర్వీస్ ప్యాక్‌లో (విండోస్ అప్‌డేట్ల మూట) అది మాయమైంది. ఐరోపా కమిషన్ ఊరుకోలేదు, 2013 మార్చిలో మైక్రోసాఫ్ట్‌కు 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. జాబితా పెట్టించడంతో పాటు, అది ఉందో లేదో చూస్తూ ఉండే మనిషి కూడా కావాలన్నమాట.

మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ప్లే స్టోర్ కావాలంటే క్రోమ్ సహా గూగుల్ యాప్‌లన్నీ ముందే ఎక్కించి అమ్మాలని ఫోను కంపెనీలకు షరతు పెట్టడం అందులో ఒక ఆరోపణ. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఆదేశాల్లో కొన్నింటిని కొట్టేసింది. ఆ ఏడాది జనవరిలోనే గూగుల్ యాప్‌లను విడివిడిగా లైసెన్సు తీసుకోవచ్చనీ, సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకునే వీలిస్తామనీ ప్రకటించింది. బ్రౌజరు ఎంపిక దాకా ఆ మాట రాలేదు, రావాలి.

ప్రశ్న: మా బడి పిల్లల కథల కోసం సైటు పెట్టాం. ప్రతి కథ మొదటి అక్షరం పెద్దదిగా, రంగులో వస్తుంది. కంప్యూటరు క్రోమ్‌లో చక్కగా ఉంది. ఒక పాత ఐప్యాడ్‌లో మాత్రం 'స్త్రీ' అని మొదలయ్యే కథలో 'స్' ఒక్కటే పెద్దగా వచ్చి, 'త్రీ' చిన్నగా పక్కకు జరిగింది. సైటు చేసిన అబ్బాయి 'క్రోమ్ వాడమనండి' అంటున్నాడు. ఐప్యాడ్‌లో క్రోమ్ వేసినా మారలేదు.
– ఒక టీచరు, బొబ్బిలి

జవాబు: మీరు పంపిన రెండు స్క్రీన్‌షాట్లూ చూశానమ్మా. మారకపోవడంలో వింత లేదు, పైన కాకినాడ అబ్బాయికి చెప్పిందే. ఐప్యాడ్‌లో ఏ బ్రౌజరు వేసినా ఇంజిన్ వెబ్‌కిట్టే, అది యాపిల్ సిస్టమ్ అప్‌డేట్‌తోనే కొత్తదవుతుంది. పాత ఐప్యాడ్‌కు అప్‌డేట్లు ఆగిపోతే ఇంజినూ అక్కడే ఆగిపోతుంది.

'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరులో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ విడదీయకుండా ఒకటిగా పట్టుకోవాలన్న నియమం యూనికోడ్ సాధారణ నియమావళిలో తెలుగుకు 2023 సెప్టెంబరు నాటి 15.1 వెర్షన్‌లో గానీ చేరలేదు. అంతకుముందు బ్రౌజర్లు తలొక రకంగా చేసేవి. కాబట్టి తప్పు ఐప్యాడ్‌ది మాత్రమే అనలేం.

సైటు చేసిన అబ్బాయికి ఇలా చెప్పండి: స్టైల్ షీటులో మొదటి అక్షరాన్ని బ్రౌజరే పట్టుకునే 'ఫస్ట్ లెటర్' నియమం మీద ఆధారపడవద్దు. ప్రతి కథలో మొదటి అక్షరాన్ని పూర్తిగా ఒక స్పాన్ ట్యాగులో పెట్టి, దానికి సైజూ రంగూ ఇమ్మనండి. ఎక్కడ విరవాలో బ్రౌజరు ఊహించుకోనక్కర్లేదు, మీరే చెప్పినట్టవుతుంది. కొత్తదీ పాతదీ ఏ ఇంజిన్‌లోనైనా 'స్త్రీ' స్త్రీగానే వస్తుంది. 'క్ష', 'జ్ఞ', 'శ్రీ'తో మొదలయ్యే కథలకూ ఇదే మందు. ఆ తరవాత ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఎవరిదైనా ఐఫోనులోనూ ఒకసారి తెరిచి చూడమనండి. పిల్లల ఇళ్లలో ఏ ఫోను ఉంటుందో మనకు తెలియదు కదమ్మా. 'క్రోమ్ వాడమనండి' అన్న జవాబు నేను ఇరవై ఏళ్ల కిందట వేరే బ్రౌజరు పేరుతో విన్నదే, అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ప్రశ్న: ఫైర్‌ఫాక్స్‌కు మారితే నా బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోతాయా? ఫోనులో లింకు నొక్కిన ప్రతిసారీ క్రోమే తెరుచుకుంటోంది, అదెలా మార్చాలి?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: పోవు. కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో వేరే బ్రౌజరు నుంచి డేటా దిగుమతి చేసుకునే బటన్ ఉంటుంది. క్రోమ్‌ను ఎంచుకుంటే బుక్‌మార్కులు వచ్చేస్తాయి. పాస్‌వర్డులు అలా రాకపోతే, క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో వాటిని సీఎస్‌వీ ఫైలుగా ఎగుమతి చేసి, ఆ ఫైలును ఫైర్‌ఫాక్స్‌లోకి దిగుమతి చేసుకోండి, పని అయ్యాక ఆ ఫైలును తీసేయండి. క్రోమ్‌లో ఉన్నవి అక్కడే ఉంటాయి, చెరిగిపోవు. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ యాప్ అని వరుసగా నొక్కి ఫైర్‌ఫాక్స్ ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో ఈ పేర్లు కాస్త అటూఇటూగా ఉంటాయి, దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతుకు గడిలో 'డిఫాల్ట్' అని కొట్టండి. మెనూలన్నీ తెలుగులో కావాలంటే ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లోనే భాష మార్చుకోవచ్చు. ఆ అనువాదం చేసింది తెలుగు స్వచ్ఛంద కార్యకర్తలే. తప్పు కనబడితే వాళ్లకు రాయండి, సరిచేస్తారు.